జిగురు ఆరేలోపు

జిగురు ఆరడానికి గంట పడుతుంది. ఆరకముందే మూతి చుట్టూ క్లాంపు పట్టీ బిగిస్తే రబ్బరు జారిపోతుందని బోటుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది, రాయకపోయినా నాకు తెలుసు, కిందటేడు ఆత్రపడి బిగించి మళ్ళీ మొదటికి తెచ్చుకున్నవాణ్ణి. అందుకని బోటు వెనక భాగం కింద గోతంపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకుని, చేయి పైకెత్తి, ఆ రబ్బరును అది ఉండవలసిన చోట అదిమి పట్టుకుని ఉన్నాను. బోటు దుంగల మీద ఉంది. సోమశిల నీళ్ళు నా కాళ్ళకు పది గజాల దూరంలో ఒడ్డును నాకుతున్నాయి. పక్కనే ఇంకో గోతంపట్టా మీద బోటు కాలు పడుకుని ఉంది. దాన్ని పుస్తకంలో స్టెర్న్ డ్రైవ్ అన్నారు, ఇక్కడ అందరూ కాలు అనే అంటారు, ఆ మాటే బాగుంది, ఇంజను బోటు లోపల కూర్చుంటుంది, కాలు బయట నీళ్ళలో ఆడుతుంది, రెంటికీ మధ్య బోటు వీపులో ఒక రంధ్రం, ఆ రంధ్రంలోంచి తిరిగే ఇరుసు. ఆ రంధ్రంలోంచి జలాశయమంతా లోపలికి రాకుండా ఆపుతున్నది ఈ రబ్బరు గొట్టం ఒక్కటే, మడత మీద మడత, ముడుచుకుంటూ సాగుతూ. అవతలి ఒడ్డు ఊళ్ళకు వైద్యం అందించే ట్రస్టు వాళ్ళు ఈ బోటు పంపినప్పుడు అందరూ ఇంజనును చూసి ఆశ్చర్యపోయారు. ఈ రబ్బరును ఎవరూ చూడలేదు. చూడడానికి ఇట్లా పడుకోవాలి.

పుస్తకంలో దీని పేరు నాకు అర్థం కాక నిఘంటువు తీస్తే కొలిమితిత్తి అని ఉంది. కొలిమితిత్తికీ దీనికీ ఏం సంబంధమని నేను తల గోక్కుంటుంటే కరుణశ్రీ వచ్చి చూసి, "మన చర్చి హార్మోనీ తిత్తి మాదిరి ఉండాదే బావా" అంది. చర్చిలో హార్మోనీ వాయించేది ఆమే. అంతే, ఆ క్షణంలో నాకు మొత్తం అర్థమయింది, మడతలెందుకు, ఎక్కడ చిరుగుతుంది, ఎందుకు మడత లోపలే చిరుగుతుంది, అన్నీ. ఆ రోజు ఆమె మీద నాకు కలిగిన ప్రేమ పెళ్ళినాడు కూడా కలగలేదు. అప్పటినుంచి మా ఇద్దరికీ అది హార్మోనీ తిత్తి. మిగతావాళ్ళకు రబ్బరు. డేవిడ్‌రాజుకు కూడా రబ్బరే, "బావా, రబ్బరు మళ్ళీ పోయినట్టుండాది" అనేవాడు, నిన్నటిదాకా.

నిన్న ఆదివారం. ఆత్మకూరు చర్చిలో ప్రసంగం అయిపోయి సాక్ష్యాలకు పిలిచినప్పుడు డేవిడ్‌రాజు లేచాడు. నా భార్య తమ్ముడు. నా మేనమామ కొడుకు కూడా కాబట్టి రెండు వైపులా బామ్మర్దే. బోటు నడిపేది వాడు, అవతలి ఒడ్డు ఊళ్ళలో వాడి పేరే బోటు డేవిడు. ముందు వరుసలో ట్రస్టు డాక్టరు సుకుమారిగారు కూర్చుని ఉన్నారు, బోటుకు శాశ్వతంగా ఒక మనిషిని పెట్టి, మద్రాసులో శిక్షణ ఇప్పించి, జీతమిచ్చి ఉంచుకుంటామని చెప్పడానికి వచ్చారు. ఆ మనిషి నేనేనని నాకు ఎంత నమ్మకమంటే, గోళ్ళలో గ్రీజు కూడా కడుక్కోకుండా వెళ్ళాను. "ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు" అని మొదలుపెట్టాడు. "నీళ్ళ నడిమధ్యలో బోటులోకి నీళ్ళొస్తా ఉండాయి. మోకాళ్ళూనినాను. ప్రభువా, నేను చదువు లేనోణ్ణి, నువ్వే చూపించు అన్నాను. ఆయన చూపించినాడు. కాలు విప్పరా అన్నాడు, విప్పినాను. హార్మోనీ తిత్తి మాదిరి రబ్బరు ఉంటాది, దాని మడతలో చిరుగుంటాది చూడు అన్నాడు, చూసినాను." ఆడవాళ్ళవైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అని లేచింది. మా అత్త లిదియమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ప్రసంగం తప్పయితే బయటికొచ్చాక పాస్టరుగారితో వాదించవచ్చు. సాక్ష్యం అట్లా కాదు. అది మనిషికీ దేవుడికీ మధ్య మాట, అబద్ధమని లేచావంటే వాణ్ణి కాదు, ఆయన్ను అబద్ధికుణ్ణి చేసినట్టు. మా వాళ్ళలో ఇంతవరకూ ఒకరి సాక్ష్యం మధ్యలో ఇంకొకరు లేచింది లేదు. నేనూ లేవలేదు. ఇంకా చెప్పాలంటే, చుట్టూ అందరూ అన్నారు కాబట్టి నా నోరు కూడా స్తోత్రం అంది. ఆ తరువాత డాక్టరుగారు లేచి, రేపు సాయంత్రం ఈ తమ్ముడి బోటులోనే అవతలి ఒడ్డుకు వెళ్తాం, అక్కడే విషయం ఖాయం చేస్తాం అన్నారు. ఇంటికి నడిచి వస్తుంటే దారిలో గానీ నాకు వెలగలేదు. తిత్తి. వాడు తిత్తి అన్నాడు.

చేయి తిమ్మిరెక్కుతోంది. ఎడమ చేయి మార్చాను. జిగురు వాసన తలకెక్కుతుంది, ఆ వాసనకు నాకు ఎప్పుడూ ఉదయగిరి జ్ఞాపకం వస్తుంది, ఎందుకో తెలియదు, అక్కడ వాసన చెక్కపొట్టుది. ఇంజనూ కాలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడడానికి ఒక పొడుగాటి ఉక్కు కడ్డీ కావాలని పుస్తకం చెప్పింది. ఆ కడ్డీ సముద్రాలు దాటి రావాలి. నేను కొలతలు రాసుకుని బస్సెక్కి ఉదయగిరి పోయి గౌస్ మొహిద్దీన్ ముందు కూర్చున్నాను. పదో తరగతి దాకా నా పక్కన కూర్చున్నవాడు, వాళ్ళింట్లో అందరూ చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కుతారు. కాగితం చూసి, "ఇంత పొడుగు గరిటె ఏందిరా జయపాలూ, ఎవరింట్లోరా పెళ్ళి?" అన్నాడు. "బోటుకురా" అన్నాను. "బోటు బిర్యానీ తింటాదా?" అని ఇల్లంతా వినబడేటట్టు అడిగితే లోపలినుంచి వాళ్ళ చెల్లెలు గుల్షన్ పకపకా నవ్వింది. మూడు సార్లు తిరిగాను ఆ చెక్క కడ్డీ కోసం, ఇక్కడ దూర్చి చూడడం, ఇరుక్కున్నచోట పెన్సిలుతో గీత పెట్టడం, మళ్ళీ బస్సు. మూడోసారి వెన్నలో వేలులాగా దిగింది. ఆ సాయంత్రం మా ఊరిమీదుగా వస్తూ నాయనకు చెబుదామని దిగాను. నాయన చెంచయ్య కంది చేలో ఉన్నాడు. చెప్పిందంతా విని, నా చేతులు చూసి, మొహం కొండకోట వైపు తిప్పుకున్నాడు. "నిన్ను చదివిచ్చింది చేతికి మన్ను అంటకూడదనిరా. మన్ను పోయి మసి అంటిచ్చుకున్నావే" అన్నాడు. మా వంశంలో కాలేజీ మెట్లెక్కినవాణ్ణి నేనే. ఆ మెట్లెక్కడానికి నాయన ఏమేం వదులుకున్నాడో నాకు తెలుసు, అందుకే ఎదురు చెప్పలేదు. కాని నాయనా, కావలిలో మూడేళ్ళు చదివిన భౌతికశాస్త్రం పరీక్ష కాగితం మీద కాక ఒక వస్తువులో కనిపించింది నాకు ఈ బోటు కిందే, అని చెప్పాలనుకున్నాను. ఇప్పటికీ చెప్పాలనుకుంటూనే ఉన్నాను.

విచిత్రమేమిటంటే నేను ఎవరికీ కనిపించలేదు. ఏడాదిన్నరగా ఈ బోటు కింద పడుకున్నాను, జాలరులు పక్కనుంచే పోయేవాళ్ళు, "సార్, జరగండి, గ్రీజంటుకుంటాది" అనేవాళ్ళు. సార్ గ్రీజుకు దారితప్పి వచ్చినవాడు. సార్ డీయస్సీ రాసినవాడు, ఇవాళో రేపో పంతులయ్యేవాడు, సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. బి.ఎస్సీ. అన్న ఆ మూడక్షరాలు నా ముందు తడికలాగా నిలబడి నేను చేసిన పనిని దాచేశాయి. పని జరిగింది, ఎవరు చేశారు? పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ చదువులేని కుర్రాడు. అదే సహజంగా ఉంటుంది చూసేవాళ్ళకు. డాక్టరుగారి తప్పు లేదు. జాలరుల తప్పు లేదు. మరి ఎవరిది, వాడిదా? వాడికి ఆ మాట ఎవరిచ్చారు? ఆ మాట ప్రపంచంలో ఇద్దరి దగ్గరే ఉంది.

ఇక్కడ ఈ క్లాంపు ఉంది. దీని స్క్రూ పైన, ఎవరి కంటికీ ఆనని చోట ఉంటుంది, వేలితో తడుముకుని బిగించాలి. రెండు చుట్లు తక్కువ తిప్పితే? ఎవరికీ ఏమీ కాదు. బోటు అవతలి ఒడ్డుకు పోతుంది, తిరిగి వస్తుంది, కట్టేస్తారు. తరువాత రాత్రంతా నీళ్ళు దారం పోగులాగా లోపలికి దిగుతాయి. తెల్లారేసరికి బోటు నడుముదాకా కూర్చుంటుంది. అప్పుడు డాక్టరుగారు బోటు డేవిడును పిలిచి, నాయనా, మళ్ళీ మోకాళ్ళూను అంటారు. నవ్వొచ్చింది నాకు. కింద పడుకుని ఒక్కణ్ణే నవ్వాను. నవ్వు ఆగినాక భయమేసింది, ఎందుకంటే అది తమాషాకు అనుకున్నది కాదు, చుట్లు కూడా లెక్కవేసి అనుకున్నది.

పాదాలు వచ్చాయి. బోటు కింద పడుకున్నవాడికి మనుషులు పాదాలతోనే మొదలవుతారు. కరుణశ్రీ పాదాలు, పక్కన క్యారియరు, చేతిసంచి.

"అన్నం తెచ్చినా బావా. బయటికి రా."

"జిగురు ఆరలా."

"తెల్ల చొక్కా గూడా తెచ్చినా. మేడమొచ్చేలోపల ఏసుకో. పంతులు మాదిరి కనపడు."

నేను తిత్తిని వదలలేదు. "హార్మోనీ తిత్తని వాడికెవరు చెప్పినారు?"

పాదాలు కదలలేదు. కుడికాలి బొటనవేలు ఇసుకలోకి కొంచెం దిగింది.

"నేనే."

"సాక్ష్యమంతా నువ్వే చెప్పిచ్చినావా?"

"అంతా గాదు. మోకాళ్ళూనింది వాడి సొంతం."

ఆమె వేళాకోళానికి అనలేదు, నిజం చెప్పింది. చిన్నప్పటినుంచీ అంతే, దొరికిపోతే దాచదు. మేనమామ ఇంట్లో గోలీకాయలాడుతూ ఆమె తొండి చేసి దొరికిపోయినప్పుడు కూడా, అవును చేసినా, ఇప్పుడేంది అని నిలబడేది.

"నన్నొక మాట అడగొచ్చుగదా" అన్నాను.

"అడిగితే ఇచ్చేసేవాడివి. తెలుసు నాకు. ఇచ్చినాక బతుకంతా మా అమ్మ ముందర, నా ముందర ఇచ్చినోడివై తిరుగుతావు. వాడు తీసుకున్నోడై తలకాయొంచుకోవాల. అందుకే అడగలా. నీకు డిగ్రీ ఉండాది. ఈ డీయస్సీ గాకపోతే వచ్చే డీయస్సీ. వాడికేముండాది బావా, ఆ స్టీరింగు తప్ప?"

"ఈ పని నాకు కావాలని నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే?"

"మసిలో పొర్లాడడం గూడా ఒక కోరికేనా? ఎవురికన్నా చెప్పుకోగలనా నేను, మా ఆయన బి.ఎస్సీ. చదివి బోటు కింద దూరతాడని?"

పాదాలు తిరిగి నీళ్ళవైపు నడిచాయి, క్యారియరు అక్కడే ఉంది. నాకు ఆమె మొహం కనిపించలేదు, ఆమెకు నాది కనిపించలేదు, అదే మంచిదయింది. టార్చి పట్టుకుని నా పక్కన చతికిలబడి, ఇది ఎందుకు, అది ఎందుకు అని ఆమె అడిగిన సాయంత్రాలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. నేను చెబుతుంటే కళ్ళు పెద్దవి చేసి వినేది. నా జీవితంలో నేను చెప్పింది అంత శ్రద్ధగా విన్న మనిషి లేదు. ట్యూషను పిల్లలు వినరు, నాయన వినడు. ఆమె విన్నది. ఎవరికోసం విన్నది? మొదటినుంచీ వాడికోసమేనా, లేక మొదట నాకోసం విని, మధ్యలో ఎక్కడో వాడికోసం వినడం మొదలైందా? అదయినా తెలిస్తే మొదటి కొన్ని సాయంత్రాలయినా నావని ఉంచుకుందును. అడిగితే చెబుతుంది, నిజమే చెబుతుంది. అందుకే అడగను.

జిగురు ఆరింది. వేలితో తాకితే అంటుకోలేదు. క్లాంపు ఎక్కించి స్క్రూ తడుముకున్నాను. తిప్పాను. ఇక్కడ ఆపవచ్చు. మనసు ఆపమంది, ఇక్కడే, ఈ రెండు చుట్ల ముందు. ఆగి కొంతసేపు స్క్రూడ్రైవరును అట్లాగే పట్టుకుని ఉన్నాను. మంచితనం వల్ల బిగించానని చెప్పను. ఏడాదిన్నరలో నా చేతికి వదులుగా వదిలెయ్యడం అలవాటు కాలేదు, అంతే. మనసు ఇంకా తర్కిస్తుండగానే మణికట్టు తిరిగింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. రబ్బరు మూతి ఇనుమును గట్టిగా కరిచి పట్టుకుంది. ఆ పట్టు వేళ్ళకు తెలిసినప్పుడు ఎప్పటిలాగే సంతోషమేసింది, ఆ సంతోషానికి సిగ్గేసింది కూడా.

డేవిడ్‌రాజు మోపెడ్ మీద వచ్చాడు. కటింగు చేయించుకున్నాడు, మెడ మీద పౌడరు, ఇస్త్రీ ప్యాంటు, చేతిలో గేరాయిలు డబ్బా. "బావా, అయ్యిందా? జీపు ఆత్మకూరు దాటిందంట."

"పట్టు" అన్నాను. ఇద్దరం కాలును ఎత్తాం. అది బరువైన వస్తువు, ఇద్దరు పడితేనే లేస్తుంది, మనసులో ఏమున్నా సరే ఇద్దరి ఊపిరీ ఒకేసారి బిగబట్టాలి. ఇరుసు తిత్తిలోంచి దూరి ఇంజను నోట్లోకి సూటిగా పోయింది. నట్లు బిగిస్తుంటే నా పక్కన గొంతుకూర్చున్నాడు.

"కోపమా బావా?"

నేను తరువాతి నట్టు అందుకున్నాను.

"అక్క చెప్పమన్నది, చెప్పినా."

"దేవుడంటే బయం లేదంట్రా నీకు?"

"ఉండాది గాబట్టే కండ్లు మూసుకోని చెప్పినా" అన్నాడు. ఇరవైరెండేళ్ళవాడు, గెడ్డం కింద ఇంకా బొద్దుతనం పోలేదు. కొట్టాలనిపించింది, ఎత్తుకుని తిరిగిన చేతులతోనే.

కట్టమీద జీపు హారను మోగింది. డేవిడ్‌రాజు చటుక్కున లేచాడు, తన చేతులు చూసుకున్నాడు, అవి శుభ్రంగా ఉన్నాయి. నా గ్రీజు డబ్బాలో నాలుగు వేళ్ళూ ముంచి రెండు చేతులకూ మోచేతుల దాకా పూసుకున్నాడు, ఒక చార బుగ్గకు కూడా. అదే సమయంలో కరుణశ్రీ నన్ను నీళ్ళ దగ్గరికి లాక్కుపోయి, కిరసనాయిలు పోసి, సబ్బు రాసి, నా వేళ్ళు ఒక్కొక్కటే తోమింది. తెల్ల చొక్కా పట్టుకుంటే చేతులు దూర్చాను. గుండీలు ఆమే పెట్టింది. నా కళ్ళలోకి చూడలేదు.

సుకుమారిగారు దిగి వచ్చారు, వెంట ఇద్దరు నర్సులు. డేవిడ్‌రాజు చేతులు వెనక్కి పెట్టుకుంటే, "పర్వాలేదయ్యా, పనిచేసే చేతులు" అని తనే అందుకుని పట్టుకున్నారు. ఆమె తెల్లటి అరచేతికి నా గ్రీజు అంటింది. తరువాత నావైపు తిరిగి నమస్కారం పెట్టారు. "మీరు స్కూల్లో చేస్తారా అండీ?"

"మా బావ మేడమ్. బి.ఎస్సీ." అన్నాడు డేవిడ్‌రాజు. గర్వంగానే అన్నాడు.

"చాలా సంతోషం. మరి బోటు దించుదామా?"

"రెడీ మేడమ్."

రెడీ కాదు. కాలులో నూనె చుక్క లేదు. విప్పినప్పుడు నేనే వంచేశాను, పాతది నీళ్ళు కలిసి పాలలాగా తెల్లబడి ఉంటే. అట్లా దించితే నీళ్ళ నడుమకు పోయేసరికి గేర్లు ఒకదాన్నొకటి నమిలేస్తాయి. ఎవరూ మునగరు, ఊరికే నిలిచిపోతారు, అంతే. నోరు మూసుకుంటే చాలు. కరుణశ్రీ నన్ను చూస్తోంది, ఎందుకు చూస్తోందో ఆమెకు తెలియదు.

"నూనె పొయ్యాల" అన్నాను.

"అదే మేడమ్, అదొక్కటే మిగిలుండాది" అని డేవిడ్‌రాజు స్పానరు తీసుకుని కాలు పైభాగంలో మూత విప్పి, డబ్బా ఎత్తాడు. పైనుంచి పోస్తున్నాడు. లారీకి అట్లాగే పోస్తారు, ట్రాక్టరుకూ అట్లాగే, పుట్టి బుద్ధెరిగిన వాడెవడయినా పైనుంచే పోస్తాడు. పైన నిండినట్టు కనిపిస్తుంది, లోపల గాలి మిగిలిపోతుంది, నాలుగు రోజులకు పైగేరు ఎండుతుంది. దీన్ని కింది రంధ్రంలోంచి పంపుతో ఎక్కించాలి, నూనె గాలిని నెట్టుకుంటూ పైకి రావాలి. ఇది నేను కిందటి నెలలో ఒక గేరు పాడుచేసుకుని నేర్చుకున్నది. కరుణశ్రీకి చెప్పలేదు. దాచాలని కాదు, ఆ నెల ఆమె అడగలేదు.

నేను వెళ్ళి వాడి చేతిలోంచి డబ్బా తీసుకున్నాను. తడి ఇసుకలో తెల్ల చొక్కాతోనే వెల్లకిలా పడుకున్నాను. కింది స్క్రూ విప్పితే వాడు పోసిన కాస్త నూనె నా రొమ్ము మీదకు కారింది. చేతిపంపు తగిలించి కొట్టడం మొదలుపెట్టాను. నాకు మళ్ళీ పాదాలే కనిపిస్తున్నాయి, డాక్టరుగారి చెప్పులు, నర్సుల చెప్పులు, కరుణశ్రీ ఉత్త పాదాలు. పంపు ఒక్కటే మూలుగుతోంది.

"డేవిడ్, బావగారికి కూడా బాగానే నేర్పావే!" అన్నారు సుకుమారిగారు, మెచ్చుకుంటూ.

ఆ క్షణంలో అక్కాతమ్ముళ్ళలో ఎవరయినా నిజం చెప్పవచ్చు. కరుణశ్రీ పాదాలు ఒకదానిమీదకొకటి ఎక్కాయి, దిగాయి.

"ఏదో మేడమ్, దేవుని కృప" అన్నాడు డేవిడ్‌రాజు.

పైరంధ్రంలోంచి మొదట బుడగలు, తరువాత నురగ, తరువాత నూనె తేనెలాగా వచ్చింది. పై మూత ముందు బిగించాలి, అప్పుడే కింద పంపు తీసినా కారదు. బిగించమన్నాను. బిగించాడు. నేను కింది మూత పెట్టి తిప్పుతుంటే వాడు మోకాళ్ళ మీద వంగి, మొహం నా మొహం దగ్గరికి తెచ్చి, మేడమ్‌కు వినబడకుండా అడిగాడు.

"నేర్చుకోవాల్సింది ఇంతేనా బావా?"

"ఇంతే" అన్నాను.